ఆరో బిళ్ళ

కూర్చోవయ్యా అంటే సింగరయ్య కూర్చోడు. నిన్నటి నుంచీ తెనాలిలో మా ల్యాబు వసారాలో పచార్లే. సూర్యలంక పల్లెపాలెంలో అందరికీ సూదులు వేసేది అతనే. సొంత కూతురి కాలిపుండుకే అతని పెన్సిలిన్ పనిచేయలేదు.

"నా హస్తవాసి మంచిదంటారండి. మరి ఇదేంటి సార్?"

ఆ పుండు చీము పూసిన గాజు పళ్ళెం బయటికి తీశాను. దానిమీద ఆరు మందుల్లో తడిపిన ఆరు కాగితపు బిళ్ళలు పెట్టాను నిన్న. పనిచేసే మందు చుట్టూ ఖాళీ కనపడాలి. పెన్సిలిన్ బిళ్ళ అంచుదాకా సూక్ష్మజీవులు తెల్లగా పెరిగిపోయాయి. తర్వాతి నాలుగింటి చుట్టూ అంతే. చాలీచాలని డోసులకి చావక, మందులకే రాటుదేలిన రకం ఇది.

ఆరోదాని చుట్టూ గుండ్రంగా ఖాళీ!

"బతికిపోయాం సింగరయ్యా! ఈ ఒక్క మందుకే లొంగుతోంది." గబగబా రిపోర్టు రాసిచ్చాను.

అతను ఆ కాగితం కళ్ళకద్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"పక్కిళ్ళలో ఇద్దరు పిల్లలకీ ఇవే పుండ్లండి. పెన్సిలిన్ సర్దినట్టే దీన్నీ ఒకరి డోసు ముగ్గురికి సర్దేస్తాను. ఇన్నేళ్ళలో ఎవరికీ లేదనలేదు సార్."