ఇంటి ఓటు

"రాష్ట్రం," అన్నాడు జోసఫ్, పెనం మీద దోసె తిరగేస్తూ. "రెండో ప్రశ్నలో రాష్ట్రం దగ్గర గుర్తు పెట్టాలి. మర్చిపోకు."

రూతు బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. ఎన్నికల నాడు మాత్రమే ఆయనకి వంటిల్లు ఎటుందో తెలుస్తుంది.

వాళ్లుండేది ప్యూర్టోరికోలో. అమెరికా చేతిలో ఉన్న ద్వీపం. అమెరికాలో ఒక రాష్ట్రం కాదు, అలాగని వేరే దేశమూ కాదు. నూరేళ్లు దాటినా ఆ సంగతి తేలలేదు. 2012 నవంబరులో జనాన్నే అడిగారు. ఇప్పుడున్నట్టే ఉండటం మీకు సమ్మతమేనా అన్నది మొదటి ప్రశ్న. కాకపోతే అమెరికాలో రాష్ట్రంగా కలుద్దామా, స్వతంత్ర దేశంగా నిలబడదామా, లేక సొంతంగా ఉంటూ అమెరికాతో పొత్తు పెట్టుకుందామా అన్నది రెండోది.

జోసఫ్ మయాగ్వెస్ ఊళ్లో కాలేజీ ప్రొఫెసరు. నెల రోజులుగా ఆయనకి వేరే మాట లేదు. రాష్ట్రం కావాలన్న వాళ్ల ఊరేగింపుల్లో నీలం చొక్కా వేసుకుని నడిచాడు. కారుకి జెండా కట్టాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఒకటే ఉపన్యాసం.

"ఒకరింట్లో కాపురం ఉంటూ ఆ ఇంటిపేరు పెట్టుకోనంటే ఎలాగండీ? ఉంటే పూర్తిగా కలిసి ఉండాలి."

రూతు ఆ ఉపన్యాసాలకి టీలు అందించింది. తీరికవేళ పక్కింటి మిలాగ్రోస్‌తో కూర్చుని కందికాయలు ఒలిచింది. మిలాగ్రోస్‌కి డెబ్భై దాటాయి. ద్వీపం జెండా ఇంట్లో ఉంచుకున్నందుకు ఒకప్పుడు ఆవిడ తండ్రిని జైల్లో పెట్టారు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా, నువ్వు ఎటు వేస్తావని మాత్రం ఆవిడ రూతుని అడగలేదు. అడగకపోవడమే రూతు మనసులో నాటుకుంది.

"ఏవండీ, నేను స్వతంత్రానికి వేస్తాను," అంది రూతు.

దోసె మాడింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు చెప్పాలా?"

"ఆ మిలాగ్రోస్ నూరిపోసి ఉంటుంది."

"ఆవిడ కందులిచ్చింది. నూరిపోస్తున్నది మీరు."

జోసఫ్ స్టవ్ ఆపేశాడు. "స్వతంత్రం వస్తే డాలరుంటుందా? నా పెన్షన్ ఏమవుతుంది? ఈ ఇల్లు ఎవడు కొంటాడు?"

"అది గెలవదని మీరే అంటున్నారుగా. మరి నా ఓటంటే అంత భయమెందుకు?"

జోసఫ్ అమెరికాలోని అరోరా ఊళ్లో ఉన్న కొడుకు జోనాథన్‌కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశాడు.

"మమ్మీ, జస్ట్ డాడీ చెప్పింది వెయ్యి," అన్నాడు వాడు నిద్ర గొంతుతో. "లేకపోతే నాకు ఎవ్రీడే కాల్ చేస్తాడు."

"సరే గాని, అక్కడ ప్రెసిడెంట్‌గా నువ్వెవరికి వేస్తున్నావురా?"

"దట్స్ ప్రైవేట్, మమ్మీ."

"విన్నారా?" అంది రూతు భర్తతో.

జోసఫ్ ఫోన్ పెట్టేశాడు. అలిగినట్టు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత తనే బీరువాలోంచి ఆమె ఓటరు కార్డు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టాడు. చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర ఉంచాడు. కారు తలుపు కూడా ఆయనే తీశాడు.

దారిలో గొంతు మెత్తబడింది.

"ఇన్నేళ్లూ నేను చెప్పిన గుర్తుకే వేశావు. ఏం నష్టమైంది రూతూ?"

"నష్టమేం కాలేదు. వేసొచ్చినట్టు కూడా ఎప్పుడూ అనిపించలేదు."

"పోనీ, రాష్ట్రం వద్దు. ఇప్పుడున్నట్టే ఉంటే చాలని వెయ్యి. నీ మాటా కాదు, నా మాటా కాదు."

"బేరాలు బజార్లో ఆడండి."

పోలింగు జరుగుతున్న స్కూలు దగ్గర కారాగింది. "ఇంకోసారి ఆలోచించు. మన ఇంటి ఓటు వృథా అయిపోకూడదు," అన్నాడు జోసఫ్ స్టీరింగ్ పట్టుకునే. రూతు దిగి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

వరసలో నిలబడ్డప్పుడు మాత్రం ఆమెకి భయం వేసింది. పెన్షన్ సంగతి నిజమే. ఇంటి సంగతీ నిజమే. కాలేజీ ఏదో, కారు ఏదో, కొడుకు పేరు ఏదో, అన్నీ ఆయనే తేల్చాడు. చాలాసార్లు ఆయన మాటే సరైంది కూడా. ఈసారి తన మాట తప్పయితే జన్మంతా దెప్పుతాడు.

దెప్పనీ, అనుకుంది.

పెన్సిలు అందుకుని అట్టల చాటుకి వెళ్లింది. మొదటి ప్రశ్నకి సమ్మతం కాదని పెట్టింది. రెండోదానికి, స్వతంత్రం అన్నచోట, పెన్సిలు మొన విరిగేంత గట్టిగా ఇంటూ గుర్తు గీసింది. పెన్సిలు అక్కడే పెట్టేసి బయటికొచ్చింది.

జోసఫ్ కారు దిగి ఎదురొచ్చాడు.

"దేనికి వేశావు?"

"చెప్పను."

"భర్తకి కూడానా?"

"ముఖ్యంగా భర్తకి."

"దేనికో చెప్పొద్దులే. రాష్ట్రానికే అయితే తలూపు, చాలు."

రూతు తల కదపకుండా నిలబడింది. చుట్టూ జనం నవ్వుకుంటూ, కేకలేసుకుంటూ స్కూల్లోకి పోతున్నారు. జోసఫ్ వాళ్ల వంకే చూస్తున్నాడు.

"అంత పట్టుదల ఉంటే మీరే వెళ్లి వేసి రండి," అందామె.

జోసఫ్ తిరిగి వెళ్లి కారెక్కాడు.

పాతికేళ్లకు పైబడి ఆ గడ్డ మీదే బతుకుతూ, రూతు లాగా పుట్టిన దేశం ఇండియా పాస్‌పోర్టు వదులుకుని అమెరికా పౌరుడిగా మారేది లేదని మొండికేసిన జోసఫ్‌కి అసలు ఓటే లేదు.