కీచుమనే కాలు

ఈశ్వరయ్య అడుగు వేసినప్పుడల్లా ఆయన ఎడమకాలు కీచుమంటోంది.

అది పెట్టుడుకాలు.

పద్మజ కొబ్బరినూనె సీసా తెచ్చి ఆయన పక్కన పెట్టి, కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది.

"నూనె వద్దమ్మా. దాని గొంతు నాకు అలవాటైపోయింది," అని నవ్వాడాయన.

ఆయన వాళ్ళకి చుట్టమేమీ కాదు. పద్మజ భర్త ఫణికి ఆఫీసులో స్నేహితుడైనవాడి పెదనాన్న. టాంజానియాలో సైకిళ్ళ కొట్టు. ఫ్లైట్ తప్పిపోయి, ఎయిర్‌పోర్టుకి దగ్గరని అమెరికాలో, షాంటిలీ ఊళ్ళో ఉన్న వీళ్ళింట్లో దిగాడు. సాయంత్రం మళ్ళీ ప్రయాణం.

"కొత్తది వేయించుకోవచ్చుగా, బాబాయిగారూ?"

"కొత్తవి గదినిండా ఉన్నాయమ్మా. ఇది మా అమ్మాయి చేసింది. బాగుచేయించుకుంటూ ఇదే వాడుతున్నా."

గదినిండా చీరలున్నవాళ్ళని చూసింది గానీ, కాళ్ళున్నవాళ్ళని పద్మజ ఎప్పుడూ చూడలేదు.

అంతలో మేడమీంచి కూతురు భవిత పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, అయిపోయింది! నా పేషెంట్ రావట్లేదు. ఫీవరట!"

భవితది పెట్టుడుకాళ్ళు చేసే చదువు. తెగిన కాలికి తడి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసి, వీడియోతో సహా రేపు ఇవ్వాలి. ఇప్పటికే ఒకసారి ఫెయిలైంది. ఇదీ పోతే ఏడాది పోయినట్టే.

ఈశ్వరయ్య అప్పటికే ప్యాంటు పైకి మడుస్తున్నాడు.

"నా కాలు ఖాళీయేనమ్మా."

పద్మజ ముచ్చటపడి కొనుక్కున్న డైనింగ్ టేబుల్ నిండా ప్లాస్టర్. భవిత కంగారుకంగారుగా చుట్టేసింది. అచ్చు వంకరపోయింది.

"సారీ అంకుల్! హర్ట్ అయిందా?"

"గట్టిగా నొక్కు. విరగడానికి నేనేమన్నా అప్పడాన్నా? మళ్ళీ తియ్యి."

అదీ చెడింది. ఆయన దోసె తుంచుకుంటూ "మళ్ళీ" అన్నాడు.

కాలి దగ్గర ఒకరు, పెనం దగ్గర ఒకరు! ఫ్లైట్ తప్పితే ఇలా తప్పాలి అనుకుంది పద్మజ.

చివరికి ఒకటి కుదిరింది. ఆయన కాలు తగిలించుకుని, కీచుకీచుమంటూ కెమెరా ముందు నాలుగడుగులు వేసి, సాయంత్రం పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

పద్మజ టేబుల్ తుడుచుకునే హడావిడిలో గుమ్మందాకా కూడా వెళ్ళలేదు.

మర్నాడు భవిత ఫోన్.

"అమ్మా, పాస్!"

పద్మజకి ప్రాణం లేచొచ్చింది. పొయ్యి కట్టేసి మరీ కూర్చుంది.

"వీడియోలో ఆ సౌండ్ వినగానే మా టీచర్ గ్రేస్ మేడం ఏడ్చేశారమ్మా."

"అయ్యో, ఎందుకే?"

"మేడం టాంజానియాలోనే చదివారట. అక్కడ స్టూడెంట్స్ నేర్చుకోడానికి పేషెంట్స్ దొరక్క కోర్స్ క్లోజ్ చేసేద్దామన్నారట. అప్పుడు అంకుల్ షాప్ మూసేసుకుని వచ్చి కూర్చున్నారట. అప్పట్నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఆయనే. వాళ్ళు చేసిన కాళ్ళన్నీ ఆయన రూమ్‌లోనే ఉన్నాయట."

పద్మజ చూపు కొబ్బరినూనె సీసా మీద పడింది. అది ఇంకా ఆ కుర్చీ పక్కనే ఉంది.

"మరి ఆ కీచుమనేది వాళ్ళమ్మాయి చేసిందన్నారే?"

"ఆయనకి పిల్లలు లేరట అమ్మా. అది గ్రేస్ మేడం చేసిన ఫస్ట్ కాలు."