గడప తొక్కని మనిషి

సైదాబీ మళ్లీ ఇంట్లోంచి వెళ్లిపోయింది.

కొడుకు ముస్తాక్ షాపు వదిలేసి గవర్నర్‌పేట సందులన్నీ గాలించాడు. ఎక్కడా లేదు. దిగాలుగా తిరిగొచ్చేసరికి షాపు ముందు ఒక ఆటో ఆగింది.

అందులోంచి సైదాబీ దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన దిగాడు.

"మీ అమ్మగారేనాండీ? గుణదల దగ్గర ఏలూరు కాలవ గట్టున కూర్చున్నారు. అడుగు జారితే నీళ్లల్లోకే! ఎవరమ్మా నువ్వంటే, 'స్పీకర్ల షాపు' అని ఒకటే మాట. దారంతా వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ వచ్చాను."

ముస్తాక్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"లోపలికి రండి సార్. టీ తాగి వెళ్దురుగాని."

పెద్దాయన షాపులోకి తొంగి చూశాడు. సీడీలొచ్చి టేప్‌రికార్డర్లు మూలపడుతున్న రోజులవి. ఇరుకు దారికి రెండు వైపులా మనిషెత్తున పాత స్పీకర్లు, వాటిలోంచి ఊడదీసిన అయస్కాంతాలు. ఆ దారి చివర పైనున్న ఇంటికి మెట్లు.

"వద్దులెండి, నాకిక్కడే బాగుంది."

ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు మీద బాగుండడానికి ఏముందో ఆయనకే తెలియాలి.

ఆయన పేరు రామ్మూర్తి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో మీటర్లూ స్విచ్చులూ చూసే సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు.

"అమ్మకి మతిమరుపు జబ్బు సార్. తలుపుకి తాళం వేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు ముస్తాక్.

"ఒప్పుకోను" అంది టీ తెచ్చిన షాహీదా. "ఒకసారి వేస్తే తలుపుకేసి తల బాదుకుంది. అత్తమ్మేమన్నా దొంగా, తాళం వెయ్యడానికి? ఇంకేదో దారి ఉంటుంది. నేనే చూస్తాను."

రామ్మూర్తి ఆమెవైపు మెచ్చుకోలుగా చూశాడు.

"ఉందమ్మా. రేపొస్తాను."

అన్నట్టే వచ్చాడు. మళ్లీ రోడ్డు మీదే నిలబడి, సంచిలోంచి అగ్గిపుల్లంత గాజు గొట్టం తీశాడు.

"దీన్ని రీడ్ స్విచ్ అంటారు. లోపల రెండు సన్నటి రేకులు అంటీ అంటనట్టున్నాయి చూడు. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. ఇది గుమ్మానికి, అయస్కాంతం తలుపుకి బిగించు. రేకులు విడిపోతే మోగేలా బెల్లు కలుపుదాం, తలుపు తెరవగానే కింద షాపులో మోగుతుంది."

"ఇంతేనా!"

"ఇంతే. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలో చెప్పేది ఇదే. మా థర్మల్లో వాల్వు మూసుందో తెరిచుందో చెప్పేదీ ఇదే. ఇంకా ఎక్కడెక్కడో ఉంటుందిలే" అని నవ్వి ఊరుకున్నాడు.

షాహీదా ఒక స్పీకర్ అయస్కాంతం తెచ్చి ఆయన చేతికివ్వబోయింది.

ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. "నీ దగ్గరే ఉండనీ అమ్మా."

ముస్తాక్ అది చూశాడు. మనసు చివుక్కుమంది.

షాహీదా ఆయన చెప్పినట్టే బిగించింది. తలుపు తీసినా బెల్లు మోగలేదు. విప్పి మార్చింది. ఈసారి తలుపు మూసినా ఆగలేదు. ఆయన రోజూ వచ్చి రోడ్డు మీంచి చెప్పడం, ఆమె స్టూలెక్కి దిగడం. ఇద్దరిలో ఎవరూ వదిలేలా లేరు.

"మీరొక్కసారి పైకొచ్చి చూస్తే అయిపోద్ది కదండీ" అంది చివరికి.

రామ్మూర్తి రోడ్డు మీదే గొడుగు కింద నిలబడిపోయాడు. ముస్తాక్ ఇక ఆపుకోలేకపోయాడు.

"ఎందుకొస్తారు? సాయిబుల కొంప కదా! మా గడప తొక్కితే మైలపడిపోరూ?"

రామ్మూర్తి ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. అంతలో పై కిటికీలోంచి సైదాబీ పిలిచింది.

"భాయ్! పైకి రా భాయ్!"

మొదటిరోజు నుంచీ ఆమె ఆయన్ని తన అన్న అనుకుంటోంది.

రామ్మూర్తి గొడుగు ముడిచాడు. ఎడమవైపు చొక్కా మీద చెయ్యి అదిమిపెట్టి, పక్కకి తిరిగి, దేనికీ ఒళ్లు తగలకుండా ఆ ఇరుకు దారిలోంచి మెట్లెక్కాడు.

'జేబు ఎలా పట్టుకున్నాడో చూడు, మేమేదో కొట్టేస్తామన్నట్టు' అనుకున్నాడు ముస్తాక్.

పైన ఆయన గాజు గొట్టాన్ని సరిచేశాడు. అయస్కాంతాన్ని మాత్రం దూరంగా నిలబడి షాహీదా చేతే జరిపించాడు. తలుపు తీస్తే బెల్లు మోగింది. మూస్తే ఆగింది. సైదాబీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

దిగేటప్పుడూ అలాగే దిగాడు. చెమటతో తడిసిపోయాడు. టీ తాగకుండానే ఆటో ఎక్కాడు. మళ్లీ రాలేదు.

"పోతే పోయాడు" అన్నాడు ముస్తాక్.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం షాపులో బెల్లు గణగణ మోగింది. ముస్తాక్ చేతిలో పని పారేసి పరిగెత్తాడు. తడిసిన పై మెట్టు మీద ఒక కాలు గాల్లో పెట్టి నిలబడి ఉంది సైదాబీ. ఒడిసి పట్టుకుని, అమ్మని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు.

షాహీదా సేమ్యా వండి డబ్బాలో పెట్టింది.

"ఆయన మనల్ని ఏమన్నా అనుకోనీయండి. వెళ్లి తప్పయిందని చెప్పి రండి."

గుణదలలో ఇల్లు వెతికి పట్టుకున్నాడు. రామ్మూర్తి భార్య రమాసుందరి తలుపు తీసింది.

"ఆయన లేరు బాబూ. విషజ్వరమొచ్చి పోయిన నెల పోయారు."

ముస్తాక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎలాగో తనెవరో చెప్పాడు.

"స్పీకర్ల షాపు ముస్తాక్‌వా? లోపలికి రా నాయనా. అమ్మ బాగున్నారా? బెల్లు మోగుతోందా?"

తలూపాడు. సేమ్యా డబ్బా ఆమె చేతికిచ్చాడు.

"మీ ఇంటి ముందు రోడ్డు మీదే నిలబడాల్సి వస్తోందని ఎంత నొచ్చుకునేవారో! సంగతి చెప్పొచ్చు కదా అంటే, జాలి చూపులు నాకు పడవు అనేవారు. గుండె సరిగ్గా కొట్టుకోవడానికి లోపల పేస్‌మేకర్ పెట్టారు, అందులోనూ మీ తలుపుకి పెట్టినటువంటి స్విచ్చే ఉందట, అయస్కాంతాల దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. అందుకే పాపం, మీ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు."