ఒక సంచి బాకీ

మార్చి 9. ఈవేళ్టి పనులు: రెండు దుప్పట్లు ఉతికాను, మందుల డబ్బా సర్దాను, పాపను ఆస్పత్రికి తీసుకెళ్లాను.

పాప మెదడులో కేన్సర్ గడ్డ. కుడిచెయ్యి పెన్సిల్ కూడా పట్టడం లేదు. కొత్త వైద్యమంటూ నెల క్రితం పాప రక్తకణాలు సంచి నిండా తీసుకెళ్లారు. సంచి నంబరుతో సహా పుస్తకంలో బాకీ రాసుకున్నాను. ఇవాళ నర్సు ఒక చిన్న సిరంజి తెచ్చింది.

"ఇంతేనా? మిగతావేవీ?"

"అమ్మా, అవేమైనా ఇస్త్రీకిచ్చిన బట్టలా?" అంది పాప.

నర్సు నవ్వలేదు. "గడ్డను గుర్తుపట్టి చంపడం ఆ కణాలకు ల్యాబులో నేర్పారండీ. నేర్చుకున్నవే తెచ్చాను."

"ఇవి మా పిల్లవేనని నమ్మకమేంటి?"

సిరంజి మీది చీటీ చూపించింది. నంబరు నా పుస్తకంతో రెండుసార్లు సరిచూశాను. సరిపోయింది. అయినా బాకీ కొట్టెయ్యలేదు. అవి నిజంగా నేర్చుకున్నాయో లేదో ఎవరు చూశారు?

మార్చి 12. పాపకు జ్వరం. "మంచి సూచనేనమ్మా, కణాలు పనిలోకి దిగాయి" అన్నాడు డాక్టరు. జ్వరం వస్తే సంతోషించే డాక్టర్ని ఎలా నమ్మను?

ఏప్రిల్ 6. పనులు రాద్దామని పుస్తకం తెరిచాను. ఆ బాకీ పక్కన పెన్సిల్‌తో, వంకర టింకరగా ఒక మాట ఉంది. రాత నాది కాదు.

"చెల్లు."