గాలి పట్టు

ఫోన్ పెట్టేసి రంజని గిర్రున ఒక చుట్టు తిరిగింది. "రేపు మూలకుళం స్కూల్లో డెమో క్లాసు! గాలి పీడనం పాఠం. బాగా చెప్తే ఫిజిక్స్ టీచరుద్యోగం నాదే!"

గోకుల్ భార్య చేతులు పట్టుకుని తనూ తిరగబోయి, తండ్రి దగ్గు విని వదిలేశాడు.

"గోరింటాకు ఇంకా వదల్లేదు, అప్పుడే ఉద్యోగమా? నెల్లితోపులో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మామ గోవిందస్వామి. "అయినా ఏంది ఆ పాఠం? గాలికి బలమా?"

"అవును మామా! రెండు గిన్నెల్ని గాలే నొక్కి పట్టుకుంటుంది. ఇద్దరు లాగినా విడిపోవు."

"సరి. నేనూ వీడూ లాగతాము. విడిపోకుంటే పో. విడిపోతే ఆ స్కూలు మాట మళ్ళా ఎత్తకూడదు."

ఇంతేనా అనుకుంది రంజని. సారెలో వచ్చిన స్టీలు గిన్నెలు రెండు తెచ్చింది. ఒకదాని అంచు మీద కుక్కర్ రబ్బరు పెట్టి, లోపల కర్పూరం వెలిగించి, రెండోది బోర్లించి నొక్కింది. లోపలి వేడి గాలి చల్లబడాలని పైన తడిగుడ్డ కప్పింది.

గోవిందస్వామి ఒంటిచేత్తో పై గిన్నె ఎత్తాడు. ఇడ్లీ పాత్ర మూతలా వచ్చేసింది.

"యాడమ్మా నీ గాలి?"

మళ్లీ చేసింది. మళ్లీ ఊడింది. అంచున ఎక్కడో సొట్ట ఉంది, గాలి దూరుతోంది. అలాంటి జత ఇంట్లో ఇంకోటి లేదు. దిక్కుతోచక గోకుల్ వైపు చూసింది. అతను తండ్రి వైపు చూసి, తర్వాత ఫ్యాను వైపు చూశాడు.

"ఇంకొక్కసారి మామా..." రంజని రబ్బరును మళ్లీ అంచు మీద సర్దబోయింది.

"ఆ రబ్బరంతా జిడ్డు. ఇట్లియ్యి, తుడిచి తెస్తా." అత్త సౌభాగ్యం దాన్నీ, గిన్నెల్నీ వంటింట్లోకి తీసుకుపోయింది. తిరిగొచ్చి కింది గిన్నె మీద రబ్బరు తానే అమర్చింది. "ఊఁ, కర్పూరం వెయ్యి. బిరాన నొక్కు."

ఈసారి తండ్రీకొడుకులు చెరోవైపు లాగారు. గోవిందస్వామి గోడకు కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. పంచె వదులైంది గానీ గిన్నెలు వదల్లేదు.

"అబ్బా! గాలికి ఇంత బలమా!" ఆయాసపడుతూ కూలబడ్డాడు. "సరి, పో పాపా. మాటంటే మాటే."

రంజని గిన్నెల్ని గుండెకు హత్తుకుని వంటింట్లోకి పరిగెత్తింది. రేపటికి ఇవే కావాలి. పిన్నీసుతో రబ్బరు పొడిచింది. గాలి దూరితే వాటంతటవే విడిపోవాలి. విడిపోలేదు. చెంచా దూర్చి తిప్పింది. ఊహూఁ.

"అత్తా, ఇట్లా కాకూడదు! గాలి లోపలికి పోయింది, అయినా రావడంలేదు. నాకేం అర్థం కావడంలేదు. రేపు అంతమంది పిల్లల ముందర ఏం చెయ్యను?"

సౌభాగ్యం హాలు వైపు ఒకసారి తొంగి చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"ఏడవద్దు. రేపు నేనూ నీతో వస్తా. చెప్పులంటించే జిగురు ట్యూబులో ఇంకా సగముండాది."