బ్రేకు గీతలు

ఏటా ఒక ఆదివారం విమానాలు ఆపేసి మా రన్‌వే మీద కార్ల పందెం పెడతారు. మర్నాడు పొద్దున్నే టైర్ల మరకలు కడిగే ఖర్మ నాది. ఇప్పటికి ముప్ఫై ఒక్క పందేల మరకలు కడిగాను.

ఒక్క జత గీతలు మాత్రం కడగను. విమానాలు నిలిపే షెడ్డు గోడ ముందువి. ఇరవయ్యో పందెంలో ఒకాయన కారుతో ఆ గోడని గుద్ది చనిపోయాడు. ఏటా పందెం మర్నాడు ఆయన భార్య వచ్చి ఆ గీతల పక్కన నిలబడుతుంది.

"చూశావా అన్నయ్యా, ఆపాలనే చూశారు," అంటుంది. నేను తలూపుతాను.

నిజానికి ఆ రోజు అక్కడ ఒక్క గీత కూడా లేదు. ఆయన బ్రేకు మీద కాలే వెయ్యలేదు. మరుసటి ఏడు ఈమె, ఎక్కడ బ్రేకు వేశారో చూస్తానని కబురు పెట్టింది. లేదని చెప్పడానికి నోరు రాక, తారు తెచ్చి నేనే గీశాను. ఎండకీ వానకీ చెరిగిపోతే ఏటా తల దించుకుని గబగబా మళ్లీ గీస్తున్నాను.

ఈసారి ఆమె చాలాసేపు చూసింది.

"నువ్వే గీస్తున్నావని మొదటి ఏడే తెలుసు అన్నయ్యా. తారు వాసన దాగుతుందా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"బాధపడకు. ఏటా ఇంకాస్త పొడుగ్గా గీస్తున్నావు చూడు, అందుకే వస్తున్నా. ఇంకో రెండేళ్లకి గోడకి తగలకుండానే ఆగిపోతారు."

ఆమె వెళ్లాక గోడ దగ్గర్నుంచి గీతల వెంట అడుగులు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

నేను ఏటా గీసేది ఇరవై అడుగులే.