అసలు, నకలు

"ఆగమ్మా. ఆ బటన్ నొక్కొద్దు."

రేణుక వేలు గాల్లోనే ఆగిపోయింది.

మార్కాపురంలోని ఆ ఫోటో స్టూడియోలో అప్పుడు, ఆర్నెల్ల కిందటే పనిలో చేరిన ఆమె ఒక్కతే ఉంది. యజమాని నరసింహులు పెళ్లి ఫోటోలకని పొదిలి వెళ్లాడు.

గుమ్మంలో అరవై దాటిన మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు.

బల్ల మీద కొత్త డాకు ఉంది. రెండు హార్డ్ డిస్కులు నిలువుగా గుచ్చే చిన్న డబ్బా. ముందు ఒకే బటన్. అది నొక్కితే ఒక డిస్కులోవన్నీ రెండో దాంట్లోకి కాపీ అవుతాయట.

పాత డిస్కు రెండు రోజులుగా, పాడైపోతున్నట్టు టిక్కుటిక్కుమంటోంది. ఇంకా ఆల్బంలు కాని ఏడు పెళ్లిళ్లు దాంట్లోనే ఉన్నాయి.

డాకు వద్దని నరసింహులు నెల రోజులు నాన్చాడు. పిసినారితనం అనుకుని, రేణుకే పట్టుబట్టి తెప్పించింది.

ఏం కావాలని ఆమె విసుగ్గా అడిగింది.

"నా పని తర్వాత చెప్తాలే. సోర్స్ అని ఏ డిస్కు చూపించినావు?"

గుమ్మం వైపు తిరిగి ఉన్న కంప్యూటర్ తెర వంక చూసింది. అర్థం కాలేదు.

"మండలాఫీసులో చేసినాను నేను. అసలు చూసి నకలు రాస్తాం గానీ, నకలు చూసి అసలు దిద్దుతామా? ఖాళీ డిస్కును అసలన్నావు నువ్వు. నొక్కింటే అంతా పలక తుడిచినట్టు పోయేది."

రేణుక చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన కుర్చీ లాక్కుని సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదటి నుంచి పెట్టించాడు. ప్రతిదీ ఆమె చేతే నొక్కించాడు. కొత్తవి చేరాలే తప్ప పాతవి చెరగకూడదనే గడిలో టిక్కు పెట్టించాడు. కాగితం ముక్కల మీద 'అసలు', 'నకలు' అని గుండ్రంగా రాసి డిస్కులకు అంటించాడు.

అప్పుడు నొక్కమన్నాడు.

మూడు గంటలు పట్టింది. ఇక నేను చూసుకుంటానని ఆమె చెప్పినా కదల్లేదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టాలి కదా అన్నాడు.

అయ్యాక, సరిగ్గా పడ్డాయో లేదో నాలుగు ఫోటోలు తెరిచి చూడమన్నాడు.

మూడోది అప్పగింతల ఫోటో. తండ్రి కూతురి చెయ్యి వదల్లేక పట్టుకుని ఉన్నాడు.

రేణుక తర్వాతి దానికి వెళ్లబోతే, ఉండమని సైగ చేశాడు. కన్నార్పకుండా పెళ్లికూతుర్నే చూస్తున్నాడు.

ఆమెకు అది నచ్చలేదు.

"సాయం చేసినావు, సంతోషం పెద్దాయనా. ఎవరి ఇంటి ఆడపిల్లనో అట్ల చూస్తే బాగుంటదా?"

ఆయన తల దించుకున్నాడు.

"తప్పేనమ్మా."

గొడుగు తీసుకుని ఎండలోకి నడిచాడు. వచ్చిన పనేమిటో చెప్పనేలేదని ఆయన వెళ్లాక గానీ ఆమెకు గుర్తు రాలేదు.

నాలుగో రోజు పాత డిస్కు తెరుచుకోలేదు.

నరసింహులు తల పట్టుకుని కూలబడ్డాడు. ఏడు ఇళ్లవాళ్లకు ఏం చెప్పాలని గొణుక్కుంటున్నాడు.

రేణుక రెండో డిస్కు తెరిచింది. ఏడు పెళ్లిళ్లూ ఉన్నాయి.

నరసింహులు కళ్లు తుడుచుకుని, ఎవరు చేయించారని అడిగాడు. రేణుక అంతా చెప్పింది. చివర్లో తాను అన్న మాట కూడా దాచలేదు.

"ఆయన వచ్చినది ఏ తారీఖు?"

"పన్నెండు."

నరసింహులు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

"ఆయన త్రిపురాంతకం ఆదెయ్య. ఏటా బిడ్డ పెళ్లిరోజుకు వచ్చి, ఆ ఫోటోలు ఏమన్నా దొరికినాయా అని అడిగి పోతాడు. ఆ పిల్ల చనిపోయి నాలుగేండ్లాయ. ఇట్లాంటి బటనే తప్పు నొక్కి, ఆ పెళ్లి తుడిచేసింది నేనమ్మా."